ఒక్క పేరు, ఇద్దరు మనుషులు

పిల్లలకి ఆడామగా ఇద్దరికీ చెల్లే పేరు పెట్టని తల్లిదండ్రులకి జరిమానా వెయ్యాలి! ఈ మాట నేను ఎప్పుడో అన్నాను. ఈ ఫ్రాన్సు దేశంలో ఎవరు విన్నారు గనక?

నా పేరు డొమినిక్. నా భార్య పేరూ డొమినిక్కే. నవ్వకండి. మా తరంలో వీధిలోకి రాయి విసిరితే ఎవరో ఒక డొమినిక్ నెత్తిన పడేది. అది జడ వేసుకున్న నెత్తో, బట్టతలో మాత్రం ముందే చెప్పలేం. లాటిన్‌లో ‘దేవుడి సొత్తు’ అని అర్థం. ఆదివారం పుట్టినవాళ్లకి పెట్టేవారట. నేను పుట్టింది మంగళవారం. మా అమ్మకి అంత పట్టింపు లేదు.

లాభాలు చెప్పమంటారా? తలుపు గంట మీద ఒక్క పేరు రాస్తే ఇద్దరికీ సరి. ఆగస్టులో మా పేరుగల పునీతుడి రోజు వస్తుంది, ఆ పేరుపండగకి ఇద్దరికీ కలిపి ఒక్క పళ్ల టార్ట్ చాలు. ఆ నెలలో మా నాంత్ ఊళ్లో బేకరీవాడు కూడా కొట్టు మూసి సెలవలకి సముద్రతీరానికి పోతాడు కాబట్టి ఆ ఒక్కదాని ఖర్చూ మిగులే! మా అత్తగారు "డొమినిక్, గిన్నెలు!" అని కేకేస్తే, పిలిచింది కూతుర్నే అనుకుని పేపరు వెనక్కి తప్పుకునేవాణ్ణి. ఇంతకన్నా సంసార సుఖం ఉంటుందా?

ఇంతలో మా అబ్బాయి మాక్సెన్స్ తండ్రి కాబోతున్నాడని తెలిసింది. మావాళ్ల సంగతి మీకు తెలిసిందే, బిడ్డ పుట్టేదాకా పేరు బయటపెట్టరు, ఏ చుట్టమో కొట్టేస్తారని భయం. ఆ నెలలన్నీ నేను భోజనాల దగ్గర ‘డొమినిక్’ ఎంత వీలైన పేరో ఊరికే, ఏ ఉద్దేశమూ లేకుండా చెబుతూ వచ్చాను. నేను పోయాక కూడా ఆ ఇంట్లో ఒకరు ఆ పేరుకి పలకాలని ఆశ. అంతే.

మొన్న ఆసుపత్రికి వెళ్లాం. మనవరాలు!

"అలిక్స్," అన్నాడు మాక్సెన్స్.

అదీ ఇద్దరికీ చెల్లే పేరే. నా వాదం గెలిచింది, నేను ఓడాను.

"పూర్తి పేరు అలిక్స్ ఒదీల్ ఫెర్నాన్ డొమినిక్, నాన్నా."

ఒదీల్, ఫెర్నాన్ మా వియ్యపురాలూ వియ్యంకుడూ. వాళ్లకి తలా ఒకటి దక్కింది.

"మరి మా ఇద్దరికీ కలిపి ఒక్కటేనా?"

"నువ్వేగా చెప్పావు, ఒక్కటి పెడితే ఇద్దరికీ సరిపోతుందని!"

మా దేశంలో మొదటి పేరు తర్వాత వచ్చే వెనకపేర్లు అటక మీది సామాను. ఉంటాయి, ఎవరూ కిందికి దించరు. ఆ అటక మీద కూడా నాకు చివరి మూల, అందులోనూ సగం! పాఠకులారా, ఎంత గౌరవం! 

పిల్లని ఎత్తుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. ఎవరూ చూడకుండా వంగి, చెవిలో మెల్లగా "డొమినిక్" అన్నాను. పిల్ల కళ్లు తెరిచింది. నా వంకే చూసింది!

"ఆఁ, వస్తున్నా," అంది వెనకనుంచి నా భార్య. "పిల్లని ఇటివ్వు, నీకు ఎత్తుకోవడం రాదు."

ఇచ్చేశాను.