ఎడారి ఈగకు నా పేరు

ప్రతి ఇంట్లోనూ ఒక పరాన్నజీవి ఉండాలి. లేని ఇల్లు ఇల్లే కాదు!

నవ్వకండి. పూర్తి బాధ్యతతోనే రాస్తున్నాను. కుక్కరు కొన్నాం, ట్రాన్సిస్టరు కొన్నాం, గ్యాసుకు పేరు రాయించుకున్నాం అని చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు మా హుస్సేనీ ఆలంలో చాలామందే ఉన్నారు. సంతోషమే. కానీ పరిశోధన చేసే చుట్టం ఉన్నాడా వాళ్ళింట్లో? లేడు! మా ఇంట్లో ఉన్నాడు.

ఆయన పేరు వైకుంఠం. మా అత్తగారు రంగనాయకమ్మ గారి చెల్లెలి కొడుకు. నాకు మరిది వరస. కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాడు. పోయినేడు ఎండాకాలం సెలవుల్లో రాజస్థాన్ ఎడారికి పోయి, పెట్టెల నిండా చచ్చిన తేనెటీగలు తెచ్చాడు. రాజస్థాన్ పోయినవాళ్ళు ఇంటి ఆడవాళ్ళకు అద్దాల చీరలు తెస్తారు. సామాన్యులు కదా పాపం!

ఊళ్ళోనే, కార్వాన్‌లో ఆయన అద్దెకుండే గదికి కిటికీ లేదు. కాలేజీ ల్యాబులో చీమలున్నాయి. అందుకని "నాలుగు రోజులు వదినా, అంతే" అని పెట్టెలతో, సూక్ష్మదర్శినితో మా ఇంటికి వచ్చాడు. అప్పుడు మామిడికాయలు పిందెలు. ఇప్పుడు ఆవకాయ జాడీ సగానికి వచ్చింది.

మా ఇంటికి మంచి కిటికీ ఒక్కటే. పాత ఇల్లు కదా, గదులన్నీ లోపలి వాకిలి వైపు తిరిగి కూర్చుంటాయి. ముందుగదికి మాత్రం గల్లీ మీదికి నిలువెత్తు కిటికీ ఉంది. పొద్దెక్కిన దగ్గరనుంచి సాయంత్రం దాకా పాలు పారబోసినట్టు వెలుతురు. ఆ కిటికీ కింద నా కుట్టుమిషను ఉండేది.

ఉండేది అన్నాను, గమనించారా?

సూక్ష్మదర్శినికి వెలుతురు కావాలి. అది సైన్సు. కుట్టుమిషనుకు కూడా వెలుతురు కావాలి. అది ఆడవాళ్ళ గొడవ. కాబట్టి మిషను సామానుగదిలోకి, బియ్యం డ్రమ్ము పక్కకు పోయింది. మావారు వేణుగోపాల్ గారే ఒక చెయ్యి వేసి జరిపారు. ఆఫీసు నుంచి వచ్చి ఆయన కదిపిన బరువు ఈ పదిహేనేళ్ళలో అదొక్కటే. చూశారా, శాస్త్రం మనుషులను ఎలా మారుస్తుందో!

నా దగ్గర కుట్టు నేర్చుకునే ఆడపిల్లలు ముగ్గురున్నారు. వాళ్ళలో రాజమణి ఛత్రినాక నుంచి బస్సులో వస్తుంది. బోనాలు పోయాక దానికి టైలరింగ్ లోయర్ గ్రేడు సర్కారు పరీక్ష. పాసైతే వాళ్ళ మహిళామండలిలో కుట్టు నేర్పే పని ఇస్తామన్నారు. తండ్రి దుర్గయ్య ఇళ్ళకు సున్నాలు వేస్తాడు. నిచ్చెన మీంచి పడ్డ తరువాత కాలు సరిగా నిలవడం లేదు. ఆ పిల్ల ఆ పరీక్ష మీదే ఆశ పెట్టుకుని కూర్చుంది.

సామానుగదిలో జీరో బల్బు కింద నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కుట్టి, రాజమణి ఒకరోజు రవికకు చేతులు తిరగేసి అతికింది. అంతా విప్పి మళ్ళీ కుట్టింది. నష్టమంటారా? కాదు! ఇప్పుడు ఆ పిల్ల కళ్ళు మూసుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. చీకట్లో పని చేస్తే వేళ్ళకు కళ్ళొస్తాయి. కిటికీ దగ్గరే ఉంటే ఈ అభివృద్ధి జరిగేదా?

ఇక ఈగ సంగతి.

అది మామూలు తేనెటీగ కాదు. గూడు కట్టదు. పువ్వుల వెంట తిరిగి పుప్పొడి తేదు. ఎడారి ఇసుకలో ఇంకో తల్లి ఈగ బొరియ తవ్వుకుని, పుప్పొడి ముద్ద చేసి పెట్టుకుంటుంది. ఆ తల్లి మళ్ళీ పువ్వులకు పోగానే ఇది లోపల దూరి గుడ్డు పెట్టి వచ్చేస్తుంది. తల్లి తిరిగొచ్చి, సంగతి తెలియక, తలుపుకు మట్టి మెత్తి మూసేస్తుంది. లోపల దీని పిల్ల కొడవళ్ళలాంటి దవడలతో ఇంటిదాని పిల్లను చంపి, ముద్దంతా తిని బలుస్తుంది. వైకుంఠం ఈ కథ మాకు భోజనాల దగ్గర, నా చేతి పప్పులో నెయ్యి వేసుకుంటూ చెప్పాడు. ఎక్కడో విన్నట్టే అనిపించింది గానీ, ఎక్కడ విన్నానో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

ఇది కొత్త జాతి అని తేల్చడం మాటలు కాదు. లోకంలో ఇప్పటిదాకా ఎవరూ దీని గురించి రాయలేదని రుజువు చెయ్యాలి. మీసానికి ఎన్ని కణుపులు, రెక్కలో ఏ నరం ఎటు వంగింది, అన్నీ కొలవాలి. దీని దగ్గరి చుట్టానికి వీపు మీద ఒక పసుపు మచ్చ ఉంటే దీనికి రెండున్నాయట. అవి కనిపెట్టడానికి ఆయనకు నెలలు పట్టింది. ఈగలను గుచ్చడానికి నా గుండుసూదులు, పెట్టెల్లో పరచడానికి నా లైనింగు గుడ్డ, చీమలు పట్టకుండా పట్టుచీరల్లోని నాఫ్తలీన్ ఉండలు పట్టాయి. జొన్నగింజంత ఈగ మీద నూకలో సగమంత మచ్చను చూడగల మనిషికి, గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డ ముగ్గురు ఆడపిల్లలు మాత్రం కనిపించలేదు. దృష్టంతా ఒకచోట పెట్టడమంటే అదే!

మరి మాకేమిటి లాభం అంటారా? అసలు వరం ఇక్కడే ఉంది.

కొత్త జాతికి పేరు పెట్టే హక్కు దాన్ని వర్ణించి రాసినవాడిదే. కానీ తన పేరు తాను పెట్టుకోకూడదు, ఆ లోకంలో అది పరువు తక్కువ. సాయం చేసినవాళ్ళ పేరో, గౌరవించదలచినవాళ్ళ పేరో పెడతారు. వచ్చిన వారంలోనే వైకుంఠం నాకు మాటిచ్చాడు. "వదినా, దీనికి నీ పేరే పెడ్త. ఆండాలు. చివరికి లాటిన్ తోక తగిలిస్తే ప్రపంచమున్నంత కాలం ఉంటది."

ప్రపంచమున్నంత కాలం! రేషను కార్డు మీద కూడా నా పేరు తప్పుగానే రాశారు. నేను మిషను జరిపించడానికి ఒప్పుకున్నానంటే ఆశ్చర్యమేముంది?

వార్త గల్లీలో పాకింది. ఇంటి ఓనరు విఠల్‌రావు గారు పైనుంచి దిగివచ్చి, కీర్తిశేషులైన తమ తండ్రిగారి పేరు పరిశీలించమన్నారు. పేరుతో పాటు ఫోటో కూడా వేస్తారా అని అడిగారు. ఎదురింటి లక్ష్మీకాంతమ్మ గారు తన పేరు పెట్టమని నోటితో అనలేదు, పాపం మర్యాదస్థురాలు. రోజు విడిచి రోజు పులిహోర, దద్ధ్యోదనం పంపించారు. వైకుంఠం ఎవరికీ కాదనలేదు. అన్నీ తిన్నాడు.

ఒక్క మా అత్తగారికే ఇదంతా నచ్చలేదు. ఒకరోజు వడ్డిస్తుండగా అడిగారు.

"ఏంరా వైకుంఠం, ఆ మట్టి తవ్వి, పిండి మోసి, పిల్లకు కూడబెట్టే ఈగ ఉన్నది గదా. దాని పేరేంది?"

"తెల్వదు పెద్దమ్మా."

"తెల్వదంటే?"

"దాన్ని ఎవరు పట్టలే. మేం దీన్నే పట్టుకొచ్చినం. దీని కాళ్ళకు పుప్పొడి మోసే వెంట్రుకలు లేవు. మోసేది కాదంటే ఎవరిదో ఒకరిది తింటున్నట్టే గద. ఎవరిదన్నది ఇంక తెల్వలే."

"మరి కూర్చొని తినేదానికి మా కోడలి పేరెందుకురా? పెడ్తే మోసేదానికి పెట్టు."

పెళ్ళై ఇన్నేళ్ళలో అత్తగారు నా పక్షాన మాట్లాడటం నేను వినడం అదే మొదలు. వైకుంఠం నవ్వి, చారు ఇంకొంచెం వెయ్యమన్నాడు.

ఆషాఢం వచ్చింది. పోతరాజుల డప్పులు మొదలయ్యాయి. రాజమణి పరీక్ష దగ్గరపడింది. వైకుంఠం రాత కూడా పూర్తయింది. టైపు చేసిన కాగితాలు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మామూలుగా వంటింటి దాకా ఆయన రాడు, పళ్ళెమే ఆయన దగ్గరికి పోతుంది. కాబట్టి ఏదో ఉందనుకున్నాను.

"వదినా, ఒక మాట. ఈగకు మా హెడ్డు సారు పేరు పెట్టిన."

"ఆయన ఎడారికొచ్చిండా?"

"రాలె. ఆయనకు ఇసుక పడదు. ఆయన సంతకం లేంది కాగితం పోదు, ఏం జెయ్యాలె చెప్పు. నీకు ఫికరొద్దు, చివర్ల థాంక్స్ చెప్పిన."

చదవమన్నాను. ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాడు: మంచి వెలుతురు గల గదిని దయతో ఇచ్చిన శ్రీ వేణుగోపాల్ గారికి రచయిత కృతజ్ఞుడు.

"నా పేరేది?"

"అన్న పేరుంటే నీ పేరున్నట్టే గద వదినా."

ఆ పై కాగితంలో ఈ ఈగ ఎవరి గూట్లో పెరుగుతుందో రాయవలసిన చోట ఏం రాశావని అడిగాను. తెలియదు అని రాశాడట. అది మాత్రం నిజాయితీగా రాశాడనే చెప్పాలి.

నా ముఖంలో ఏం కనిపించిందో, వెంటనే అన్నాడు. "రెండో పెట్టెల ఇంకో కొత్తది ఉన్నట్టున్నది. కలకత్తా పోయొచ్చి మొదలువెడ్త. దానికి పక్కా నీ పేరే."

రెండో పెట్టె! అంటే ఇంకో ఆవకాయ జాడీ. అంటే రాజమణి పరీక్షా పోయినట్టే, కిటికీ సంగతి ఇంక చెప్పనక్కరలేదు.

ఈ జాతికి ఇదే మూలమని చూపించడానికి ఒక్క ఈగను ఏదో మ్యూజియంలో జమ చెయ్యాలట, లేకపోతే పేరు చెల్లదట. దాన్ని దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వైకుంఠం కలకత్తా రైలెక్కాడు. నేను పులిహోర కట్టిచ్చాను. ఆటో గల్లీ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను.

తలుపు వేసి లోపలికి వచ్చాక ఆయన చెప్పిన పాఠం గుర్తుకొచ్చింది. అవతలివాళ్ళు బయటికి పోయినప్పుడు లోపల దూరాలి. తరువాత వచ్చినవాళ్ళు తలుపు మూసుకోవడం తప్ప ఏమీ చెయ్యలేరు. శాస్త్రం ఇంట్లో ఉంటే ఎంత ఉపయోగమో!

ముగ్గురు పిల్లలూ, నేనూ కలిసి ఆయన టేబులును సామానుగదిలోకి మోశాం. అత్తగారు తలుపు పట్టుకున్నారు. మిషను కిటికీ కిందికి వచ్చింది. పులిహోరకు ఫలితం దక్కని లక్ష్మీకాంతమ్మ గారు తమ మిషను కూడా పంపారు. రెండు మిషన్లు పక్కపక్కన పెడితే మధ్యలో అగ్గిపెట్టె కూడా దూరదు. మర్యాదకు లోటు చెయ్యలేదు సుమా! ఈగల పెట్టె కింద నాలుగు గిన్నెల్లో నీళ్ళు పోసి పెట్టాను, చీమలెక్కకుండా.

వైకుంఠం తిరిగొచ్చిన రోజున గడప నిండా ఆడపిల్లల చెప్పులున్నాయి. ఈసారి కనిపించాయి. దాటుకుని వచ్చాడు.

"వదినా, నా టేబులు?"

"లోపట బియ్యం డ్రమ్ము పక్కకున్నది," అన్నారు అత్తగారు. "లైటేసుకో."

వెళ్ళి చూసి వచ్చాడు. "ఆడ వెలుతురే లేదు," అన్నాడు. చిన్నదే కావచ్చు గానీ, ఆయన కనిపెట్టిన వాటిలో ఇదీ ఒకటి.

"చీకట్ల జేస్తే వేళ్ళకు కండ్లొస్తయి వైకుంఠం," అన్నాను. "మా రాజమణికి వచ్చినయి. అడుగు."

రాజమణి తల ఎత్తలేదు. పరీక్ష రవికకు చెయ్యి అతుకుతోంది, ఈసారి సరైన వైపు. మిషను చప్పుడు మాత్రం కొంచెం ఎక్కువ చేసింది.

మావారు ఆ సాయంత్రం వచ్చి, మిషనెవరు జరిపారని అడిగారు. తెలియదని చెప్పాను.

కాబట్టి పాఠకులారా, మొదట అన్న మాట మీదే నిలబడి ఉన్నాను. ప్రతి ఇంట్లోనూ ఒకరుండాలి. ఈ అదృష్టమంతా మా గల్లీయే దాచుకోవడం స్వార్థం. వైకుంఠం ప్రస్తుతం తగిన ఇంటి కోసం చూస్తున్నాడు. రెండో పెట్టె సిద్ధంగా ఉంది. మీ ఇంట్లో వెలుతురు బాగా వచ్చే కిటికీ ఉంటే ఒక కార్డు ముక్క రాయండి.

కృతజ్ఞతలు మీవారి పేరున వస్తాయి.