వజ్రదుర్గంలో మంత్రగత్తె ఒక్కతే

రాజు లేకపోయినా రాజ్యం నడుస్తుంది. మంత్రి లేకపోయినా నడుస్తుంది. గేటు లేకుండా మాత్రం ఏ రాజ్యమూ నడవదు. (దీనికి చరిత్రలో ఆధారాలు ఉండే ఉంటాయి. మా స్కూల్లో ఆ పాఠం ఇంకా రాలేదు.)

మా లాల్‌గడి మలక్‌పేట్ శివారులో వజ్రదుర్గం కౌంటీ అనే కోట ఉంది. కట్టి రెండేళ్లు కాలేదు. రెండు బురుజులు, వాటి ముందు ఇద్దరు సిమెంటు భటులు. ఒక భటుడి ఈటె విరిగి లోపలి ఇనుప చువ్వ కనిపిస్తుంది. లోపల ఇళ్లు లేవు. హద్దు రాళ్లు, వీధి దీపాలు, ఎవరూ ఊగని ఒక ఉయ్యాల ఉన్నాయి. ఈ ఆస్తిని దొంగలు ఎత్తుకుపోకుండా చుట్టూ గోడ కట్టారు. గోడ అవతల మా నర్సమ్మ అవ్వ బీర తోట ఉంది. తోటకు పోయే బాట మాత్రం గోడ లోపల ఉండిపోయింది.

కాబట్టి అవ్వ తన తోటకు పోవాలంటే కోటలోంచే పోవాలి. కోటలోకి పోవాలంటే యాప్ ఒప్పుకోవాలి. యాప్ దృష్టిలో మనుషులు నాలుగు రకాలు: అతిథి, డెలివరీ, డ్రైవరు, పనిమనిషి. ఎవరైనా సరే, ఏ ప్లాటుకు వచ్చారో చెప్పాలి. అప్పుడు ఆ ప్లాటు ఓనరుకు ఓటీపీ పోతుంది. ఓనరు ఏదో మీటింగులో ఉంటాడు.

గేటు దగ్గర కావలి మా దోస్తు రేచల్ వాళ్ల నాయిన, యోహాను మామ.

"నర్సమ్మత్తా, ఏ ప్లాటుకు వోతున్నవో జర చెప్పు," అన్నాడు మామ, ఫోను పట్టుకొని.

"ప్లాటేంది రా? నా శెల్కకు వోతున్న."

"శెల్క అని గిండ్ల ఆప్షన్ లేదత్తా."

"నీ పెండ్లిల గా శెల్క బీరకాయలే వండిండ్రు. గప్పుడు ఏ ఆప్షన్ వెట్టుకొని తిన్నవ్?"

"నాకు ఎరుకే అత్తా. యాప్‌కు ఎరుక లేదు."

నేను అవ్వ వెనక గంప పట్టుకొని నిలబడ్డాను. (మా ఇంట్లో మాట్లాడే శాఖ అవ్వది, రాసే శాఖ నాది.) బీరకాయకు ఓపిక తక్కువ. రెండు రోజులు కోయకపోతే ముదిరి పీచు తేలుతుంది, ఇక ఒళ్లు రుద్దుకోవడానికే పనికొస్తుంది. ఎవరో ఓనరు ఓటీపీ చెప్పేసరికి కాయలన్నీ ముదిరాయి. ఆ వారం మేము చాలా శుభ్రంగా ఉన్నాం.

అదే వారం రేచల్ వాళ్ల అన్న జోయెల్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఇంగ్లిష్ ఆట పుస్తకం కొన్నాడు. ఆ ఆటలో ఒకరు కథ నడుపుతారు, మిగతావారు తలా ఒక పాత్ర అవుతారు. ఏం జరుగుతుందో అనుమానం వస్తే పాచిక వేస్తారు. నియమాలన్నీ ఈ కాలానివి: కార్లు, పిస్తోళ్లు, లాప్‌టాప్‌లు, క్రెడిట్ కార్డులు. మా ముగ్గురిలో ఎవరికీ క్రెడిట్ కార్డు లేదు. పాత్రకు కూడా ఇవ్వబుద్ధి కాలేదు. అందుకని ఆటను రాజుల కాలానికి మార్చాలని తీర్మానించాం. మాకు తెలిసిన కోట ఒక్కటే కాబట్టి రాజ్యానికి వజ్రదుర్గం అనే పేరు పెట్టాం. రాసే శాఖ కాబట్టి కథ నడిపే పని నాకు వచ్చింది.

కారు స్థానంలో ఎడ్లబండి వచ్చింది, పిస్తోలు స్థానంలో ఒడిసెల. చిక్కు వచ్చింది మంత్రం దగ్గరే. మొదటి రోజు అందరికీ మంత్రాలు ఇచ్చాం. జోయెల్ రాజును కప్పను చేశాడు, రేచల్ కోటను మాయం చేసింది, టీ మరిగేలోపు ఆట అయిపోయింది. మంత్రం తక్కువ ఉన్న రాజ్యమే నిలబడుతుందని అప్పుడు తెలిసింది.

పక్కన అనపకాయలు ఒలుస్తున్న అవ్వ అడిగింది. "నన్నేం జేస్తరే మీ ఆటల?"

"మంత్రగత్తె," అంది రేచల్.

"ఏం మంత్రమొస్తది నాకు?"

నేను మెల్లగా చెప్పాను. "కాయలు ముదరకుండ ఆపే మంత్రం. దినానికి ఒక్కసారి."

"గదొక్కటొస్తే సాలు బిడ్డా. రాజ్యం మీరే ఉంచుకోండ్రి."

తన పాత్రను అవ్వ శిష్యుడిగా చేయాలని జోయెల్ పట్టుబట్టాడు. రేచల్ ఒప్పుకోలేదు. "నువ్వు నేర్చుకుంటే మల్ల కప్పలే," అంది. అందుకని ఏడో నియమం గట్టిగా రాశాను: "రాజ్యంలో మంత్రగత్తె (నర్సమ్మ) ఒక్కతే. కోట కట్టకముందు నుంచి ఆ దారిన నడిచినందున ఆమెను ఎవరూ ఆపరాదు. ద్వారపాలకుడు ఈటె వంచి దారి ఇవ్వాలి. ఆమె తర్వాత ఆ పదవి రద్దు. వారసులు చెల్లరు." మిగతావారు పాచిక వేసి నాలుగు గానీ ఆపైన గానీ పడితే లోపలికి రావచ్చు. ఒకటి పడితే ఎండలో కూర్చోవాలి. తగాదా వస్తే ఆట నడుపువారి మాటే చివరిది. ఇది చాలా సమతూకమైన నియమావళి అని ముగ్గురం ఒప్పుకున్నాం.

మిర్చి బజ్జీల నూనె అంటకుండా రేచల్ దాన్ని మేడ్చల్ రోడ్డు మీది జిరాక్స్ షాపులో టైపు చేయించి లామినేషన్ చేయించింది. వస్తూ వస్తూ నాయినకు సద్ది ఇచ్చి, కాగితాన్నీ పాచికనూ కావలి గదిలోనే మరిచిపోయింది.

మర్నాడు పొద్దున యోహాను మామ చూసేసరికి బల్ల మీద "వజ్రదుర్గం ప్రవేశ నియమాలు" ఉన్నాయి. మామూలు కాగితమైతే అనుమానించేవాడు. లామినేషన్ చేసిన కాగితాన్ని అనుమానించే అధికారం కావలివాళ్లకు లేదు. పైగా అందులో అవ్వ పేరుంది.

ఆ రోజు అవ్వ వచ్చేసరికి మామ లేచి నిలబడి లాఠీ పక్కకు వంచాడు.

"ఏమైందిరా, నడుము వట్టిందా?" అంది అవ్వ.

"ఆఫీసు ఆర్డరత్తా. పో."

అవ్వ గంప నిండా లేత కాయలు తెచ్చింది. చాలా రోజుల తర్వాత మేము మళ్లీ కూర తిన్నాం.

గాజులరామారం నుంచి ఒక ప్లాటు ఓనరు కుటుంబంతో కారులో వచ్చాడు. పాచిక వేస్తే రెండు పడింది. తిరిగి వెళ్లిపోయాడు. మర్నాడు తలస్నానం చేసి వచ్చి ఐదు వేశాడు, పాచికతో ఫోటో దిగాడు. సూరారం నుంచి వచ్చిన ఒకాయన భార్యతో వేయించాడు, ఆమె చేయి మంచిదని.

విషయం మేనేజరు దీక్షిత్ సారుకు చేరింది. ఆయన ఆవేశంగా దిగాడు. "యోహాను! ఎవరు పెట్టిన రూల్స్ ఇవి?"

"మీరే పంపిండ్రు గద సార్, లామినేషన్ జేసి. ఒక్కపాలి వెయ్యుండ్రి."

సారుకు ఒకటి పడింది.

ఆయన సిమెంటు భటుడి కింద ఎండలో కూర్చొని వచ్చిపోయేవాళ్లను చూశాడు. యాప్ మాటే చెల్లిన రోజుల్లో గేటు దగ్గర రోజూ కొట్లాట. ఇప్పుడు వెనక్కి పోయేవాళ్లు ఎవరినీ తిట్టడం లేదు, తమ నుదురు కొట్టుకొని పోతున్నారు. కంపెనీ మీద ఫిర్యాదుకు నంబరు ఉంది. అదృష్టం మీద ఫిర్యాదుకు లేదు. సారు ఆ సాయంత్రమే నియమాలకు ఆఫీసు స్టాంపు వేయించాడు. కింద "ఆట నడుపువారు" అని నేను ఖాళీ వదిలిన చోట సంతకం చేశాడు. యాప్‌లో ఐదో రకం చేర్చారు. ఆ నాటి నుంచి రోజూ పొద్దున యోహాను మామ ఫోను మర్యాదగా పలికేది: "మంత్రగత్తె వచ్చారు."

కార్తీకంలో అవ్వకు మోకాలు పట్టింది. గంప ఎత్తుకొని అవ్వ కొడుకు, మా బాపు బయలుదేరాడు, వెనక నేను.

మామ లేచాడు గానీ లాఠీ వంచలేదు. "బావా, ఏడో నియమం. వారసులు చెల్లరట."

"గది మా పోరి రాసిన ఆట రా!"

"ఆటైతే స్టాంపు ఎందుకుంటది బావా?"

బాపు కోపంగా పాచిక లాక్కొని విసిరాడు. ఆరు పడింది. మామ నిజంగానే బాధపడ్డాడు. "మంచిగ వడ్డది బావా. కని పాచిక మిగతోళ్లకు, నువ్వు వారసునివి. నీకు ఏడో నియమమే."

"తగాదా వస్తే ఆట నడిపేటోళ్ల మాటనే కదా," అన్నాను. నేను గేటు దగ్గర మాట్లాడటం అదే మొదటిసారి.

మామ కాగితం నా వైపు తిప్పి, సంతకం మీద వేలు పెట్టి చూపించాడు. "ఔ బిడ్డా. దీక్షిత్ సార్."

బాపు ఖాళీ గంపతో ఇంటికి నడిచాడు. గోడ మీద కొత్త బోర్డు పెట్టారు, మా బీర తోట వైపు బాణం గుర్తుతో: "ఫేజ్ టూ, త్వరలో." కోట వాళ్లకు మర్యాద తెలియదని అనడం మాత్రం తప్పు. ఈ మధ్య ఆఫీసు నుంచి రోజూ ఫోన్ చేసి, అవ్వ ఆరోగ్యం ఎట్లా ఉందని అడుగుతున్నారు.