రేసు స్ప్రింగులు

శనివారం పొద్దున కాఫీ తాగుతూ వెర్లిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పార్టుల కొట్టుకు ఒక ఫోను, కారు వెనక వైపు కొత్త స్ప్రింగులు, అత్తగారి ప్రాణానికి సుఖం. అంతే.

ఇండియానాలో ఒక చిన్న ఊళ్ళో వెర్లిన్ స్కూలు బస్సు నడుపుతాడు. సర్వీసంతటిలో ఒక్క చలానా లేదు. పెళ్ళికి ముందు ముచ్చటపడి కొన్న ఎర్ర షెవెల్ కారు మాత్రం ఇంకా షెడ్డులో ఉంది. స్టార్టు చేస్తే పక్కింటి కిటికీలు అదురుతాయి. అంతటి కారునూ అతను బస్సు నడిపినట్టే నడుపుతాడు. భార్య లోర్నా శనివారాలు పూలకొట్టులో పనికి వెళ్తుంది కాబట్టి, ఆ రోజు అత్తగారు ఓపల్‌ను అందులో ఎక్కించుకుని పార్లర్‌కు తీసుకెళ్ళి, జుట్టు సెట్ చేయించి, పోర్క్ శాండ్‌విచ్ తినిపించి దింపుతాడు. తుంటి ఆపరేషన్ అయ్యాక ఆవిడ ఇల్లు కదిలేది ఆ ఒక్క పూటే. అయితే వెనక స్ప్రింగులు ముసలివైపోయి, రైలు పట్టాలు దాటినప్పుడల్లా కారు దబ్బున కూలబడుతోంది. ఆవిడ పైకి ఏమీ అనదు గానీ, పట్టాలు వస్తున్నాయంటే తలుపు గట్టిగా పట్టుకుంటుంది.

"మెత్తవి కావాలని గట్టిగా చెప్పు. మొహమాటపడకు" అని చెప్పి లోర్నా పనికి వెళ్ళిపోయింది.

పార్టులు అమ్మే డువేన్ కొట్టు పక్క కౌంటీలో ఉంది. వెర్లిన్ అక్కడికి ఫోన్ చేశాడు. ఆయన మామూలుగా మాట్లాడినా మైకులో మాట్లాడినట్టే ఉంటుంది.

"ముందు ఒక్క మాట చెప్పన్నా. బండి వీధుల్లో తిప్పుకోడానికా, రేసుకా?"

అత్తగారిని పార్లర్‌కు తీసుకెళ్ళడానికి అనే మాట వెర్లిన్ గొంతు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే డువేన్ వెనక ఎవరో ఇంజన్ ఒకటి గర్జింపజేశారు. ఆ మాట వచ్చిన దారినే వెనక్కి పోయింది.

"రేసుకే" అన్నాడు.

"శభాష్! ఎప్పుడెప్పుడు ఆడతావు?"

"ప్రతి శనివారం." శనివారమన్న మాటైనా నిజమే కదా అనుకున్నాడు.

"అయితే స్ప్రింగుల కీళ్ళలో వేసే రబ్బరు బుష్‌ల మాటెత్తకు. గట్టి బుష్‌లు, గట్టి స్ప్రింగులు, వాటికి తగ్గ షాక్ అబ్జార్బర్లు పంపిస్తా. పెడల్ తొక్కితే బండి వెనక్కి కూలబడదు, బాణంలా పోతుంది. వెనక సీట్లో ఎవరూ కూర్చోరు కదా?"

"ఎవరు కూర్చుంటారులే" అన్నాడు వెర్లిన్. ఓపల్ కూర్చునేది ముందు సీట్లో.

పెట్టెలు వచ్చాయి. తిరిగి పంపాలంటే కారణం చెప్పాలి. గట్టివంటే మాత్రం మరీ అంత గట్టిగా ఉంటాయా అని మనసుకు నచ్చజెప్పుకుని, కారు కింద దూరి తనే బిగించాడు.

"మెత్తవేనా?" అని లోర్నా అడిగింది.

"మంచివి" అన్నాడు.

మరుసటి శనివారం పార్లర్ నుంచి తిరిగి వస్తుండగా పట్టాలు వచ్చాయి. ఈసారి కారు కూలబడలేదు. మేకపిల్లలా ఎగిరింది. దాంతోపాటు ఓపల్ కూడా ఎగిరింది. ఆవిడ కొత్త జుట్టు కారు కప్పుకు తగిలి, ఒక వైపు అణిగిపోయి కిందికి దిగింది. పిన్నులు కొన్ని పైన గుడ్డలోనే గుచ్చుకుని ఉండిపోయాయి.

ఆవిడ జుట్టు తడిమి చూసుకుంది. "అల్లుడూ, డాక్టరు నాకు తుంటి ఒక్కటే మార్చాడు. మిగతావన్నీ నా సొంతవే."

"తప్పైపోయింది అత్తయ్యా. లోర్నాకు మాత్రం చెప్పకండి. బాగు చేసేస్తాను."

"చెప్పను, మాటిస్తున్నా. కానీ ఇది బాగయ్యేదాకా నేను ఈ కారెక్కను."

తలకు రుమాలు కట్టుకుని శాండ్‌విచ్ కారులోనే తినేసింది ఆవిడ. వెర్లిన్ కప్పులోంచి పిన్నులు ఏరుతూ కూర్చున్నాడు.

ఆ వారంలోనే డువేన్ వెర్లిన్ ఇంటికి ఫోన్ చేశాడు. ఎత్తింది లోర్నా.

"వదినా, అన్న లేడా? కొత్త పార్టులు రేసులో ఎలా ఉన్నాయో కనుక్కుందామని."

"ఏ రేసు?"

"ఏ రేసేంటి వదినా, ప్రతి శనివారం ఆడతాడుగా! అన్నట్టు ఈ శనివారం మా ట్రాకులో అన్న పేరు ఇచ్చేశాను. నువ్వూ రా!"

లోర్నా వెంటనే తల్లికి ఫోన్ చేసింది. "అమ్మా, నిజం చెప్పు. పోయిన శనివారం వెర్లిన్‌తో బయటికి వెళ్ళావా?"

పట్టాల దగ్గర ఎగిరిన సంగతి కూపీ లాగుతోందనుకుంది ఓపల్. అల్లుడికి మాటిచ్చింది మరి.

"నేనెక్కడికీ కదల్లేదే. ఆ కారు మొహం కూడా చూడలేదు."

సాయంత్రం వెర్లిన్ ముందు కంచం పెట్టి, లోర్నా ఎదురుగా కూర్చుంది. "మా అమ్మని ఇంట్లో వదిలేసి నువ్వు శనివారాలు రేసులకు పోతున్నావా?"

"ఎవరు చెప్పారు?" అన్నాడు వెర్లిన్ కంగారుగా. అడగకూడని ప్రశ్న అదొక్కటే.

లోర్నా కళ్ళు నిండాయి. "నేను వద్దనేదాన్నా? నాతో ఒక్క మాట చెప్తే ఏం పోయింది?" ముక్కు తుడుచుకుని, తగ్గు గొంతుతో అడిగింది. "ఇంతకీ... బాగా ఆడతావా?"

అప్పుడే నిజం చెప్పేసేవాడు. కానీ ఆమె తనను అలా వింతగా, కొత్త మనిషిని చూసినట్టు చూసి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు.

"పరవాలేదు" అన్నాడు.

"శనివారం సెలవు పెట్టి నేనూ వస్తా. అమ్మనీ తీసుకొస్తా" అంది లోర్నా. మర్నాటికి పూలకొట్టు మొత్తానికి కబురు తెలిసిపోయింది.

శనివారం ట్రాకు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. మైకు డువేన్ చేతిలోనే ఉంది. "ప్రతి శనివారం ట్రాకు దద్దరిల్లజేసే ఇద్దరు మొనగాళ్ళు!" అని అరుస్తున్నాడు. వెర్లిన్ షెవెల్‌ను బయలుదేరే గీత దగ్గర ఆపాడు. పక్క వరుసలో ఒక నీలం కారు వచ్చి ఆగింది. అందులోని బట్టతల పెద్దమనిషి అద్దం దించాడు.

"బాబూ, ఆ స్తంభం మీద పసుపు దీపం వెలిగితే వెళ్ళాలా, ఆగాలా?"

"నేను మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నా" అన్నాడు వెర్లిన్.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నా పేరు ఎల్డన్. చర్చిలో ఆర్గన్ వాయిస్తాను. డువేన్ అడిగితే ఏదో నోరు జారి..."

"ప్రతి శనివారం అన్నారా?"

"ప్రతి శనివారం" అన్నాడు ఎల్డన్ దీనంగా.

పచ్చదీపం వెలిగింది. వెర్లిన్ పట్టాల దగ్గర బస్సు ఆపే అలవాటు కొద్దీ అటూ ఇటూ రైలేమైనా వస్తోందేమో చూసుకున్నాడు. "ముందు మీరు పదండి" అన్నాడు. "అయ్యో, మీరే పదండి" అన్నాడు ఎల్డన్. జనం ఈలలు మొదలెట్టాక ఇద్దరూ కలిసి బయలుదేరి, పక్కపక్కనే పెళ్ళి ఊరేగింపులా కదిలారు. కొత్త బుష్‌లు కిర్రుకిర్రుమంటున్నాయి. చివరి గీత దగ్గర ఒకరికొకరు దారివ్వబోయి ఇద్దరూ బ్రేకు వేశారు. షెవెల్ ముక్కు మాత్రం నీలం కారు కంటే జానెడు ముందుగా గీత దాటి ఆగింది. నవ్వులతో ట్రాకు మారుమోగిపోయింది. డువేన్ మైకు కింద పెట్టేశాడు.

లోర్నా పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది? బండి పాడైందా?"

వెర్లిన్ కారు దిగి, తల వంచుకుని మొత్తం చెప్పేశాడు. ఫోను, స్ప్రింగులు, పట్టాలు, పిన్నులు. వెనకే కర్ర పొడుచుకుంటూ వచ్చిన ఓపల్ "నేనూ అబద్ధమాడానే. మాటిచ్చాను మరి" అంది.

"అంటే ఇన్నాళ్ళూ శనివారాలు అమ్మతోనే ఉన్నావా?"

"జుట్టు సెట్ చేయించడం, ఆ తర్వాత శాండ్‌విచ్" అన్నాడు నేరం ఒప్పుకుంటున్నట్టు.

లోర్నా అతని భుజానికి నుదురు ఆనించింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "పిచ్చి మనిషీ, కొట్టువాడికి ఇది చెప్పుకోడానికా నీకు సిగ్గు?"

ఈలోగా డువేన్ వచ్చాడు. తిడతాడనుకుని వెర్లిన్, ఎల్డన్ ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. ఆయన అటూ ఇటూ చూసి, మొదటిసారి గొంతు తగ్గించాడు.

"మెత్తవి కావాలంటే నా కొట్టు వెనక గుట్టగా పడున్నాయి. అడగడానికి అందరికీ సిగ్గే. నా బండికి వేసుకున్నవీ అవే. మా ఆవిడకు నడుంనొప్పి. ఎక్కడా అనకండి బాబూ."

మర్నాడు చర్చి అయ్యాక ఎల్డన్ కూడా వెర్లిన్ షెడ్డుకు వచ్చాడు. ఒకరికొకరు సాయం పట్టి రెండు కార్లకూ మెత్తటి స్ప్రింగులు, రబ్బరు బుష్‌లు బిగించుకున్నారు. ఓపల్ మళ్ళీ షెవెల్ ఎక్కింది.

పూలకొట్టులో మాత్రం సోమవారం పొద్దున్నే అందరూ లోర్నా చుట్టూ చేరారు.

"మీ ఆయన గెలిచాడా?"

"గెలిచాడు" అంది లోర్నా గులాబీల ఆకులు తుంచుతూ.

"బాగా వేగంగా పోనిచ్చాడా?"

"అలాంటి వేగం ఆ ట్రాకు మీద ఇంతవరకూ ఎవరూ చూడలేదట."

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు.