ఇంటూ పెట్టిన చోట

నెట్ సెంటర్ త్రినాథం నుదుటి మీద, కంప్యూటరు తెర పైన కనిపించే పట్టీల్లాంటి టూల్‌బార్లు మూడు మొలిచిన సంగతి మంగళవారం పొద్దున్నే పాలు పోసే ఆవిడ చూసి చెప్పింది. మూడే కదా అని ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. ఆ నెల మా ఊళ్ళో వీధికి నలుగురైదుగురికి అవి ఉన్నాయి. ముందురోజు త్రినాథం షాపులో పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే ఉచిత ప్రోగ్రామ్ ఒకటి దించుకుని, ‘నెక్స్ట్’ అని కనబడిన చోటల్లా నొక్కేశాడు. ఎనిమిదిసార్లు నొక్కాడు. ఎనిమిదింటికి మూడే వచ్చాయంటే అదృష్టవంతుడివని పక్కనున్న టైలరు మెచ్చుకున్నాడు.

మొదటి పట్టీలో ఎండ ఎంతుందో కనిపించేది. వడియాలు పెట్టుకునేవాళ్ళు పొద్దున్నే వచ్చి అతని నుదురు చూసి వెళ్ళేవారు. రెండో దాంట్లో చీరల తగ్గింపు ధరలు అటూ ఇటూ పరుగెత్తేవి. చిక్కంతా మూడోదానితోనే. “వంకాయలు తెచ్చారా?” అని భార్య భూలక్ష్మి అడిగితే, వంకాయ రంగు పరదాలు ఎక్కడ దొరుకుతాయో గడగడా చెప్పేసి, ఆనక నాలిక కరుచుకునేవాడు.

మంగళవారం సాయంత్రం షాపు కట్టేసి ఇంటికని బయలుదేరితే కాళ్ళు తిన్నగా బస్టాండు పక్కనున్న సోఫాల షోరూముకి తీసుకెళ్ళాయి. కంప్యూటరులో హోమ్ పేజీ మారిపోయినట్టు అతని ఇల్లు మార్చబడింది. వేరే ఎక్కడికైనా కాళ్ళు బుద్ధిగానే నడిచేవి. ఇల్లనుకుంటే మాత్రం షోరూమే. భూలక్ష్మి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. గుమ్మం మూడడుగులుందనగా కాళ్ళు వెనక్కి తిరిగాయి. షోరూము వాళ్ళు మర్యాదస్తులే. “మీరు పద్నాలుగో ఆయనండి, ఆ పచ్చ సోఫా ఖాళీగా ఉంది, కూర్చోండి,” అన్నారు. నాలుగు రోజులు భూలక్ష్మి అక్కడికే క్యారేజీ పంపింది.

పట్టీలు పోవాలని ఆవిడ షోరూముకే వచ్చి కొబ్బరినూనె రాసింది, సున్నిపిండితో రుద్దింది. రుద్దినంతసేపూ పట్టీ మీద ‘నిజంగా వెళ్ళిపోమంటారా?’ అని వచ్చేది. ‘వద్దు, ఉండు’ అని ఇంతేసి ఆకుపచ్చ అక్షరాలు నుదుటి నడిమధ్యన. ‘వెళ్ళు’ అన్నది చెవి వెనకాల, చీమ తలకాయంత. దాన్ని వెతికి పట్టుకుని నొక్కితే పట్టీ పోయేది, మర్నాడు తమ్ముణ్ణి తోడు తెచ్చుకుని వచ్చేది. విసుగెత్తి త్రినాథం ఏడ్చినంత పని చేశాడు.

ఎందుకంటే శనివారం కూతురు ధాత్రికి ఏడేళ్ళు నిండుతాయి. ప్రతి పుట్టినరోజుకీ దీపాలు పెట్టే వేళ లోపల, దాన్ని వీధి గుమ్మానికి ఆనించి నిలబెట్టి, నెత్తి మీద స్కేలు పెట్టి త్రినాథమే పెన్సిలుతో గీత గీస్తాడు. గుమ్మం మీద ఆరు గీతలున్నాయి. ఏడోది అమ్మ గీస్తానంటే ఆ పిల్ల ఒప్పుకోలేదు. “నాన్నే గియ్యాలి, లేపోతే నేను పెరగనంతే,” అని తెగేసి చెప్పింది.

సరిగ్గా ఆ శనివారమే మా ఊళ్ళో టూల్‌బార్ల తొలగింపు కేంద్రం తెరిచారు! ఊరు ఊరంతా ఎగిరి గంతేసింది. మామిడాకుల తోరణం కట్టారు, మైకు పెట్టారు. త్రినాథం పచ్చ సోఫా మీంచి ఒక్క దూకు దూకి పరుగెత్తాడు. టోకెను నలభై ఒకటి. ముందున్న నలభై మందీ పట్టీలు నిండిన నుదుళ్ళతో లోపలికి వెళ్ళి, తళతళలాడుతూ బయటికొస్తుంటే అతను టోకెను పట్టుకుని ఒక్కో అడుగూ ముందుకి జరిగాడు.

కౌంటరులో నాగరత్నం అనే ఆవిడ ఇరవై రెండు పేజీల దరఖాస్తు ముందుకి తోసింది. చెవిలో దోపుకున్న పెన్సిలు తీసి పద్నాలుగు చోట్ల టకటకా ఇంటూలు పెట్టింది.

“ఇంటూ పెట్టిన చోట సంతకం పెట్టేయండి.”

ఈ మాట త్రినాథం తన షాపులో రోజుకి యాభైసార్లు అంటాడు. ఇన్నేళ్ళలో అదేమిటని అడిగినవాడు ఒక్కడూ లేడు. అడిగుంటే అతనికీ తెలియదు.

“ఆయ్, అలాగేనండి,” అని పద్నాలుగూ పెట్టేశాడు.

లోపల ఒకాయన త్రినాథం మెడ వెనక ఏదో తెరిచి, పేర్లు పైకి చదువుతూ ఒక్కొక్కటే పీకి పళ్ళెంలో పడేశాడు. రెండు నిమిషాలు పడుకోబెట్టి మళ్ళీ లేపాడు. అద్దంలో నుదురు! ఉత్త నుదురు, పాత మచ్చతో సహా!

“పోయాయండోయ్!” అని త్రినాథం కేకేస్తే క్యూ అంతా చప్పట్లు కొట్టింది. టైము నాలుగున్నర. ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే ఇంటికని పరుగందుకున్నాడు. బస్టాండు దాటాడు, కాళ్ళు షోరూము వైపు కన్నెత్తి చూడలేదు. కాలవ వంతెనెక్కాడు. అవతల తన వీధి, తన గుమ్మం, గుమ్మంలో కొత్త గౌను కనిపిస్తున్నాయి. వంతెన మధ్యలో కాళ్ళు వెనక్కి తిరిగాయి.

తొలగింపు కేంద్రం మెట్లెక్కేసరికి నాగరత్నం తలెత్తి చూసింది.

“వచ్చేసేరాండీ? కాళ్ళు కడుక్కోండి, కుళాయి అటుంది.”

“మా ఇల్లు ఇది కాదండీ!”

“పద్దెనిమిదో పేజీలో ఉందండి. మీ సంతకమే, చూసుకోండి.”

చూసుకున్నాడు. అతని సంతకమే, అందంగా ఉంది. ముందెళ్ళిన నలభై మందీ లోపల బల్లల మీద కూర్చుని టీ తాగుతున్నారు.

త్రినాథం భార్యకి ఫోను చేశాడు. “ఈసారి ఎక్కడండీ?” అని మాత్రం అడిగి, ఆవిడ పావుగంటలో ధాత్రినీ స్కేలునీ వెంటబెట్టుకుని వచ్చింది. ధాత్రి అంతా కలియజూసి, కౌంటరు పక్కనున్న స్తంభానికి వీపు ఆనించి నిలబడింది. “తొందరగా గియ్యి నాన్నా, దీపాలు పెట్టేస్తారు.”

పెన్సిలు లేదు. నాగరత్నం తన చెవిలోది తీసి ఇచ్చింది. త్రినాథం పిల్ల నెత్తి మీద స్కేలు పెట్టి గీశాడు, గీత తిన్నగానే పడింది. కింద ఆరు గీతల్లేవని ధాత్రి ఒక్క క్షణం చూసుకుంది. కానీ స్తంభం నిండా వేరే పిల్లల గీతలు, పేర్లతో సహా, ఆ సాయంత్రం గీసినవే బోలెడున్నాయి. వాళ్ళందరికంటే తను పొడుగని తేలేసరికి దాని ముఖం వెలిగిపోయింది.

నాగరత్నం పెన్సిలు వెనక్కి తీసుకుని, ధాత్రి పేరున్న పద్దెనిమిదో పేజీ ఒకటి బయటికి లాగి, అడుగున ఇంటూ పెట్టింది. భూలక్ష్మి కొంగుతో చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టింది.