అంకయ్య గారి నోరు

కార్మిక నాయకుడు, పౌర హక్కుల యోధుడు కామ్రేడ్ అంకయ్య గారిని నిలువెత్తు పటంగా మార్చి గౌరవించాలని మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల సంయుక్త సన్మాన సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆయన గుడుపల్లెలో ఇంకా బతికే ఉన్నారన్న చిన్న ఇబ్బందిని మాత్రం తీర్మానంలో ప్రస్తావించలేదు.

పని చెంగల్రాయుడికి దక్కింది. ఫ్లెక్సీలు వచ్చాక అతని కుంచెకు పని కొంచెమైపోయి, టమోటా లారీల వెనక ‘హారన్ కొట్టండి’ అని రాసుకుంటూ బతుకుతున్నాడు. చూడగానే జనం ‘ఈయనే!’ అని కేకేసే ముఖం ఒక్కటైనా గీసి పోవాలని అతని కోరిక. అంకయ్య ముఖం అతనికి కంఠతా వచ్చు. మదనపల్లె టమోటా మండీల ముందు హమాలీల కూలి కోసం, పుంగనూరు హోటల్లో దళితులకు పెట్టిన వేరే గ్లాసు మీద, కుప్పం క్వారీలో బండలకే చెవులు మొలిచేలా ఆయన అరిచినప్పుడల్లా పక్కన నిలబడి చూసినవాడే. కాబట్టి నోరు బార్లా తెరిచి ఉన్న అంకయ్యను గీశాడు. కూలి అడగడంలో ఏనాడూ కూలబడని నోరది!

సంఘాధ్యక్షుడు జయచంద్ర పరిశీలనకు వచ్చాడు. ఆ నోరు ఒకప్పుడు ఏ మండీ ముందు తెరుచుకుందో, ఆ మండీ యజమాని కొడుకాయన.

“బొమ్మ బాగుండాదప్పా. కాళ్లకు చెప్పుల్లేవే? నాయకుడన్నాక బూట్లుండాల గదా!”

బూట్లు వచ్చాయి. పుంగనూరు శాఖ తమ ఊరి పొట్టి ఆవు లేని పటం పటమే కాదంది. ఆవూ వచ్చింది. ఆవుకంటే బూట్లే ఎత్తుగా కనబడుతున్నాయని బూట్లు తగ్గించారు. నుదుటి మీద లాఠీ మచ్చ శుభకార్యానికి బాగుండదని కుప్పం శాఖ బాధపడింది. మచ్చ బొట్టయింది. చెంగల్రాయుడు అన్నిటికీ ఊ కొట్టాడు. నోరొక్కటి ముట్టుకోనన్నాడు.

“పండ్లన్నీ కనబడతాండాయి. పెద్దాయన మనమీదే అరస్తాండేట్టుండాది,” అన్నాడు జయచంద్ర. “మూసేయప్పా. లేదంటే చెప్పు, ఫ్లెక్సీ కొట్టించుకుంటాం.”

కుంచె ఒక్కసారి కదిలింది. రెండు నోళ్లు మూతపడ్డాయి: అంకయ్యదీ, చెంగల్రాయుడిదీ.

ఆవిష్కరణ మదనపల్లెలో మహా వైభవంగా జరిగింది. పటాన్ని వేదికెక్కించిన హమాలీలను, కుర్చీలు పెద్దల కోసమని వివరించి, మర్యాదగా ఎండలో నిలబెట్టారు. వక్తలు అంకయ్య గారి మౌనాన్ని వేనోళ్ల కొనియాడారు.

అంతలో ఒట్టి కాళ్లతో ఒక ముసలాయన వచ్చాడు. గేటు దగ్గర సంఘ సభ్యుడు మునిశేఖర్ అడ్డుకున్నాడు.

“నేనేనప్పా, అంకయ్యను.”

మునిశేఖర్ పటం వైపు చూశాడు, మనిషి వైపు చూశాడు. బాధ్యత గల మనిషి కదా!

“బూట్లు యాడ? ఆవు యాడ?”

చెంగల్రాయుడు పరుగున వెళ్లి ఆయన్ను చేయి పట్టి లోపలికి తెచ్చాడు. అంకయ్య పటాన్ని బూట్ల నుంచి బొట్టు దాకా చూశాడు.

“నా నోరు మూయించాలని పోలీసోళ్లు ఎన్ని లాఠీలు ఇరగ్గొట్టుకున్నారో! వాళ్ల చేత కాలేదు. నువ్వు రవ్వంత రంగుతో మూసేసినావే రాయుడా, యాల?”

పొగిడాడనుకుని సభ చప్పట్లు కొట్టింది. చెంగల్రాయుడు మాత్రం వేదికెక్కి, సంచిలోంచి కుంచె తీసి, అందరూ చూస్తుండగానే ఆ నోరు తెరిచాడు. కెమెరాలు తిరుగుతున్నాయి గనక జయచంద్ర, “ఇది కూడా కార్యక్రమంలో భాగమే!” అని ప్రకటించాడు. ఎండలోంచి హమాలీలు కేకేశారు: “ఈయనే! మా అంకయ్యప్పే!”

చెంగల్రాయుడి కోరిక తీరింది. సంఘం కూడా పటాన్ని చెరపలేదు, చింపలేదు. పెద్దమనుషులు కదా! ఏటేటా దానికి వేసే పూలదండ మాత్రం లావెక్కుతోంది. బతికున్న మనిషికి పటం మీద దండేమిటని ఎవరూ అడగలేదు. అది సరిగ్గా నోటికి అడ్డంగా పడటం కేవలం యాదృచ్ఛికం.

దండ ఎత్తి చూస్తే నోరు తెరిచే ఉంది. కానీ పటం పక్కన ఫొటో దిగేటప్పుడు మనం దండ సర్దుతామే గానీ ఎత్తం కదా!