పిట్ట ముందా, ఎలుక ముందా

బొలీవియా కొండ ఊళ్లో టీచరు నికనోరా ఆ ఉదయం పిల్లలకు ఒక పోటీ చూపించాలనుకుంది. రాతి సందులో హమ్మింగ్‌బర్డ్ పిట్ట ఒకటి, బార్లీ గడ్డివామిలో పెద్ద చెవుల పొలం ఎలుక ఒకటి చలికి కొయ్యబారి దొరికాయి. రెండూ చావలేదు. ఒళ్లు చల్లార్చుకుని పడుకున్నాయంతే. వెచ్చబడితే ఏది ముందు లేస్తుందన్నదే పాఠం. వాటిని వంటింటి బల్ల మీద పెట్టి, పిల్లల్ని పిలుచుకురావడానికి కొండమీది బడికి వెళ్లింది.

ఈ సంగతి అత్తగారు బసీలియాకు చెప్పలేదు. ఆమె పిట్టను చూసి చచ్చిపోయిందనుకుని కరిగిపోయి, రెండింటినీ తెల్లగుడ్డ మీద పడుకోబెట్టి కొవ్వొత్తులు వెలిగించింది. ఉప్పు కోసం గుమ్మంలోకి వచ్చిన పొరుగావిడ యులోజియాకు కొవ్వొత్తుల వెలుగే కనిపించింది, ఎవరికేమైందని అడిగింది.

"ఏం చెప్పను వదినా, బంగారంలాంటిది. రాత్రి చలికి నిద్రలోనే పోయింది."

ఆ ఇంట్లో బంగారంలాంటిది కోడలే కదా అనుకుంది యులోజియా. అంతే, ఊరంతా పాకింది. ఆడవాళ్లు చావింటికని పొయ్యి మీది కూర కుండలు దించి అలాగే పట్టుకొచ్చేశారు. వాకిలి నిండిపోయింది.

సరిగ్గా అప్పుడే జీపు దిగాడు బడుల ఇన్‌స్పెక్టర్ సెరాపియో. పుస్తకం వదిలేసి ఎలుకలూ పిట్టలూ చెబుతోందని నికనోరాను దూరపు గనుల ఊరికి బదిలీ చేయడానికే వచ్చాడాయన. విషయం విని టోపీ తీశాడు. నాలుగు మాటలు చెప్పమన్నారు. జనం ఏడుపు చూసి గొంతు లేచింది. ఇలాంటి టీచరు జిల్లాలోనే లేదన్నాడు.

"ఆమే బతికి ఉంటే, నేనున్నంతకాలం ఈ బడి నుంచి కదలనిచ్చేవాణ్ణి కాను."

లోపల కొవ్వొత్తుల వేడికి పిట్ట వణికింది, రెక్కలు ఝుమ్మన్నాయి, గుమ్మంలోంచి దూసుకొచ్చి ఆయన బట్టతల చుట్టూ తిరిగింది. ఆయన వెనక్కి అడుగేసేసరికి ఎలుక కూడా వచ్చి ప్యాంటు కాలులో దూరింది. ఆయన ఎగురుతుంటే వాకిట్లోకి పిల్లలతో నికనోరా వచ్చింది. జనం నోళ్లు తెరిచారు. ఆమెకు మాత్రం పాఠమే ముఖ్యం.

"అయ్యా, ఏది ముందు లేచింది?"

"పిట్టే," అన్నాడు ఇన్‌స్పెక్టర్, బడిపిల్లాడిలా నిటారుగా నిలబడి.

దారిలోనే పిట్టవైపు పందెం కాసిన పిల్లలు గంతులేశారు. బదిలీ సంగతి ఎత్తబోయి ఆయన గొంతు సవరించుకున్నాడు. ఊరిపెద్ద అడ్డొచ్చాడు.

"తమరి మాట ఊరంతా విన్నది అయ్యా. టీచరమ్మ బతికే ఉంది."

ఇన్‌స్పెక్టర్ జనాన్ని చూశాడు, ఆమెను చూశాడు, ప్యాంటు దులుపుకుని కూర్చున్నాడు. తెచ్చిన కుండలు వృథా ఎందుకని అందరూ భోజనాలకు బంతిలో కూర్చున్నారు. పోయిన మనిషే దగ్గరుండి వడ్డించిన చావుభోజనం ఆ ఊళ్లో అదే మొదటిది.