సంతాపం సారు ముఖోద్ధరణ

“ఈ దేహం క్షణభంగురం! ఈ చర్మం, ఈ మాంసం, ఈ అందచందాలు... అన్నీ మూణ్ణాళ్ళ ముచ్చట! మనమంతా శరీరమనే అద్దె ఇంట్లో దిగినవాళ్ళం. యజమాని ఎప్పుడు ఖాళీ చెయ్యమంటే అప్పుడు చెయ్యాల్సిందే!”

నీటి సరఫరా సంస్థ రెండో అంతస్తు హాల్లో ఈ మాటలు వినని ఉద్యోగి లేడు. సంస్థలో పనిచేసినవాళ్ళు ఎవరు కాలం చేసినా ఆ హాల్లో సంతాపసభ జరగాలన్నది అక్కడి ఆనవాయితీ. ఆ సభకి అధ్యక్షుడు ఎప్పుడూ పరిపాలనాధికారి గారే. అలాగని ఏ నిబంధనలోనూ లేదు. అంతా ఆయన ముఖంలోనే ఉంది.

ఆ ముఖం సంగతి కాస్త చెప్పుకోవాలి. బుగ్గలు రెండూ దవడలు దాటి కిందికి దిగాయి. నోటి కొసలు గడ్డం వైపు చూస్తుంటాయి. గడ్డం కింద ఇంకో గడ్డం. ఆయన ఊరికే కూర్చుని టీలో చక్కెర తక్కువైందేమిటా అని ఆలోచిస్తున్నా, ఎదురుగా ఉన్నవాడికి గుండె చెరువయ్యేది. ఇక మైకు ముందు నిలబడి “వారు... లేరు” అన్నారంటే, పోయినవాడితో ఏళ్ళ తరబడి మాటల్లేనివాళ్ళు కూడా బావురుమనేవాళ్ళు. అందుకే అందరూ ఆయన్ని వెనకాల ‘సంతాపం సారు’ అనేవారు. ఒకరిద్దరు ఎదురుగానే నోరుజారారు కూడా.

పోయినవాళ్ళలో సగంమంది ఎవరో ఆయనకి తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. ఒకసారి పంపు ఆపరేటరు పోతే, పొరపాటున మీటర్లు చదివే అతని సుగుణాలన్నీ ఏకరువు పెట్టారు. పోయినాయన భార్య కూడా ఔనౌనని తలూపుతూ ఏడ్చింది. సదరు మీటర్లు చదివే అతను మాత్రం వెనక వరసలో కూర్చుని, తాను ఇంత మంచివాణ్ణని అప్పుడే తెలిసి కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంత పేరు తెచ్చిన ముఖమే ఆయన కొంప ముంచింది. చావుకి తప్ప ఎవ్వరూ పిలవరు! ఒక ఇంజనీరు కూతురి పెళ్ళి విందుకి ఉత్సాహంగా కొత్త చొక్కా తొడుక్కుని వెళ్ళారు. గుమ్మంలో ఆయన్ని చూడగానే పెళ్ళికొడుకు నాయనమ్మ “అయ్యో! ఎవరు పోయారు నాయనా?” అని కుర్చీలో కూలబడింది. ఆవిడ్ని లేపడానికి వెళ్ళిన ఆడపడుచులు కారణం తెలియకుండానే ఏడుపు అందుకున్నారు. వధూవరులకి ఆశీస్సులు చెప్పాల్సిన పెద్దలు వరసగా ధైర్యం చెప్పి వెళ్ళారు. ఆనాటి నుంచి ఆయనకి శుభలేఖలు శుభకార్యం అయిపోయాక అందటం మొదలైంది.

అలాంటి సమయంలో సంస్థకి యాభై ఏళ్ళు నిండుతున్నాయన్న కబురు వచ్చింది. స్వర్ణోత్సవాలు! వేదిక, దీపాలు, పాటలు, నవ్వులు! అధ్యక్షుడిగా లోపలివాళ్ళనే ఎవరినైనా నిలబెడదామని డైరెక్టరు అన్నాడు. “కాస్త కళగల ముఖం అయితే బావుంటుంది” అని కూడా అన్నాడు. ఆ మాట అంటూ సంతాపం సారు వైపు చూసి, చటుక్కున కిటికీ వైపు తిరిగాడు.

ఆ చూపు సంతాపం సారు గుండెల్లో గుచ్చుకుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తను మైకు ముందు నిలబడితే జనం నవ్వాలి! ఆయనకి ఇంకే కోరికా లేదు.

ముఖానికి శస్త్రచికిత్స చేసే డాక్టరమ్మ గదిలో భార్యాభర్తలిద్దరూ కూర్చున్నారు. ఆవిడ ఆయన చేతికి అద్దం ఇచ్చింది.

“చెప్పండి, ఏం మార్చుకోవాలనుకుంటున్నారు?”

“నాకేం లేదమ్మా. నేను ఇలాంటివాటికి అతీతుణ్ణి. మా ఆవిడ పోరు పడలేక...”

“నేనా! నేనెప్పుడు పోరానండీ?” అని భార్య లేవబోయింది. ఆయన మోకాలితో పొడిచి కూర్చోబెట్టారు.

డాక్టరమ్మ ఇలాంటి భార్యల్ని చాలామందిని చూసినట్టుంది. పట్టించుకోకుండా చెప్పటం మొదలుపెట్టింది.

“ఇందులో రకాలున్నాయి. చర్మం కింద దారాలు వేసి పైకి లాగటం ఒకటి. పెద్ద కోత ఉండదు గానీ ఎక్కువ కాలం నిలవదు, మీ అంత జారినవాళ్ళకి పనిచెయ్యదు. రెండోది చిన్న లిఫ్టు, అంటే జారిన ముఖాన్ని పైకెత్తటం. చెవుల దగ్గర చిన్న కోత పెట్టి, దవడల పక్కన కొద్దిగా వదులైనవాళ్ళకి చేస్తాం. మీకు పూర్తి లిఫ్టే కావాలి. చెవి ముందు నుంచి చుట్టూ తిప్పి వెనక జుట్టులోకి కోత పెడతాం. లోపలి పొరని కూడా బిగించి, మిగిలిన చర్మం కత్తిరించి కుట్టేస్తాం. మెడకైతే గడ్డం కింద ఇంకో చిన్న కోత.”

“మిగిలింది మాకిచ్చేస్తారా?” అంది భార్య. “మా టైలరు అడిగితే తప్ప ఇవ్వడు.”

సంతాపం సారు ఉరిమి చూశారు. కానీ ఆ కళ్ళతో ఉరిమినా ఎవరో పోయినట్టే ఉంటుంది కాబట్టి ఆవిడకి భయం వెయ్యలేదు.

“తర్వాత ఎలా ఉంటుందో కూడా వినండి,” అంది డాక్టరమ్మ. “వాపు వస్తుంది, కమిలిపోతుంది. చెవుల చుట్టూ తిమ్మిరిగా ఉంటుంది. తల ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి. వంగకూడదు, బరువులెత్తకూడదు. చర్మం కింద రక్తం గూడుకట్టొచ్చు, నరం దెబ్బతినొచ్చు. అరుదే, అయినా చెప్పటం నా ధర్మం. వాపు తీసినా కొన్ని నెలలపాటు ముఖం బిగుసుకున్నట్టే ఉంటుంది, సర్దుకోవటానికి టైము పడుతుంది. ఇంకో మాట. బిగిసేది చర్మమే, బతుకు కాదు. దీనివల్ల ఏదో దక్కుతుందనుకుని వస్తే మాత్రం ఇంటికెళ్ళి ఇంకోసారి ఆలోచించుకోండి.”

ఇంత వివరంగా చెప్పిన మనిషిని ఆయన అడిగింది ఒక్కటే: “ఎవరికైనా తెలిసిపోతుందా?”

దారిలో భార్య ఉండబట్టలేకపోయింది. “అద్దె ఇల్లు అద్దె ఇల్లు అని ఊరంతా చెప్తారు కదండీ! అద్దె ఇంటికి ఎవరైనా సొంత ఖర్చుతో ఇంత మరమ్మతు చేయిస్తారా?”

“చేయిస్తే తప్పేముంది? యజమాని చూసి ముచ్చటపడి ఇంకొన్నాళ్ళు ఉండనిస్తాడేమో!”

ఆఫీసులో మాత్రం ప్రకృతి వైద్యానికి వెళ్తున్నానని సెలవు పెట్టారు. ఆపరేషను అయింది. తలచుట్టూ కట్టుతో, వీపు వెనక ఇంట్లో ఉన్న దిండ్లన్నీ పేర్చుకుని, సగం కూర్చుని సగం పడుకుని రోజులు గడిపారు. ముఖం గుమ్మడికాయంత అయి రకరకాల రంగులు మారింది. నవ్వితే కుట్లు లాగుతాయి. అది తెలిశాక భార్య పాత జోకులన్నీ వెతికి వెతికి చెప్పింది. పెళ్ళయ్యాక ఆవిడ అంత హుషారుగా ఉండటం ఆయన అప్పుడే చూశారు.

విషయం తెలిసిన మూడో మనిషి పెద్ద గుమాస్తా గారొక్కరే. రిటైరయ్యాడు. సంతాపం సారు ఉద్యోగంలో చేరిన కొత్తలో చేయి పట్టి పని నేర్పినవాడు, అన్నయ్యా అని పిలిపించుకున్నవాడు. లోకమంతా ఆ ముఖం చూసి ఏడుస్తుంటే, ఈయనకి మాత్రం మొదటిరోజు నుంచీ నవ్వే వచ్చేది. పలకరించటానికి వచ్చి, మంచం మీద కట్లతో ఉన్న తలకాయని చూసి, కడుపు పట్టుకుని కుర్చీలోంచి జారిపోయేలా నవ్వాడు.

“ఒరేయ్, నీకెందుకురా ఈ వయసులో?”

“ఒక్కసారి సంతోషంగా కనబడాలనుంది అన్నయ్యా!”

“సంతోషంగా ఉంటే సరిపోదట్రా?” అని ఇంకాసేపు నవ్వి వెళ్ళాడు.

సంతాపం సారు మళ్ళీ ఆఫీసులో అడుగుపెట్టిన రోజున గుమాస్తాలు కలాలు పట్టుకుని అలాగే ఉండిపోయారు. బుగ్గలు వాటి చోటికి అవి వెళ్ళిపోయాయి. రెండో గడ్డం జాడ లేదు. పోతే, బిగువు ఇంకా సర్దుకోలేదేమో, నోటి కొసలు రెండూ పైకి లేచి, ఎప్పుడూ ఏదో శుభవార్త విన్నట్టుగా ఉన్నారు.

“ప్రకృతి వైద్యమండీ! పొద్దున్నే నిమ్మరసం, సాయంత్రం నడక,” అని అడగనివాళ్ళకి కూడా చెప్పారు.

“ఆహా! నడకలో ఎంత మహత్తు!” అన్నారు అందరూ. ఆయన అటు తిరగ్గానే చెవుల వెనక గీతల కోసం మెడలు చాచారు.

మొత్తానికి దశ తిరిగింది. పుట్టినరోజులకి పిలిచారు. ఒకాయన కొత్త ఇంటికి రిబ్బను కూడా కత్తిరింపించాడు. డైరెక్టరు ఎదురుపడితే కిటికీ వైపు తిరగటం మానేసి, “ఉత్సవాల సంగతి మీతో మాట్లాడాలండీ” అన్నాడు. ఆ రోజు సంతాపం సారు ఇంటికి ఈలవేసుకుంటూ వెళ్ళారు.

ఆ వారంలోనే పెద్ద గుమాస్తా గారు పోయారు. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు.

రెండో అంతస్తు హాలు నిండిపోయింది. ముందు వరసలో డైరెక్టరు, ఆయన పక్కన పెద్ద గుమాస్తా గారి భార్య. సంతాపం సారు మైకు ముందుకొచ్చారు. అలవాటైన నోరు కాబట్టి అద్దె ఇంటి దాకా సాఫీగానే వెళ్ళింది. అందరూ శ్రద్ధగా తలలూపారు. “మా అన్నయ్య...” అన్నారు. అంతే, ఏడుపు వచ్చేసింది. ఇన్నేళ్ళలో ఆ మైకు ముందు ఆయన నిజంగా ఏడవటం అదే మొదలు. కళ్ళు ధారకట్టాయి, భుజాలు కదిలిపోయాయి.

కానీ ముఖం! ముఖం పెళ్ళికొడుకు కళతో వెలిగిపోతోంది! బుగ్గలు నిగనిగలాడుతున్నాయి, పెదవుల కొసలు పైపైకి పోతున్నాయి.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

“చూశావా, ఎంత ఆనందమో!”

“కళ్ళలో నీళ్ళు తిరిగేంతగా నవ్వుతున్నాడే!”

“పాపం, పని నేర్పేటప్పుడు పెద్దాయన బాగా తిట్టి ఉంటాడు. ఇప్పటికి కసి తీరింది.”

ఆ మాటలు సంతాపం సారు చెవిన పడనే పడ్డాయి. రెండు చేతులతో బుగ్గలు పట్టుకుని కిందికి లాగారు. వదలగానే అవి యథాస్థానానికి ఎగబాకాయి. మళ్ళీ లాగారు, మళ్ళీ వెళ్ళాయి. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మైకు ముందు నిలబడితే జనం నవ్వాలన్న కోరిక ఆ రకంగా తీరింది. ఆయన తల దించుకుని వచ్చి కూర్చున్నారు.

మౌనం పాటించటం అయింది. టీ వచ్చింది. ఇక తనని నలుగురూ నాలుగు వాయిస్తారనుకుని ఆయన ఓ మూల నక్కారు. వాళ్ళు వచ్చారు, ఒకరి తర్వాత ఒకరు. చేతులు పట్టుకుని “తీరని లోటండీ!” అని హాలంతా వినబడేలా అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, “ఇంతకీ ఆ ప్రకృతి ఎక్కడుంటుందండీ? ముందుగా ఫోను చేసి వెళ్ళాలా?” అన్నారు. దేహం క్షణభంగురమని అందరికంటే గట్టిగా తలూపినాయన, చిన్న లిఫ్టు చాలునా పూర్తిది కావాలా అని తన బుగ్గ పట్టుకుని చూపించాడు.

“నిమ్మరసమండీ,” అన్నారు సంతాపం సారు అందరితోనూ.

డైరెక్టరు ఆయన్ని భుజం పట్టుకుని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు.

“ఏమీ అనుకోకండి. ఉత్సవాలకి స్టోర్సు ఆఫీసరు గారిని పెడుతున్నాం. యాభై ఏళ్ళ సంస్థ అన్నాక అధ్యక్షుడి ముఖంలో ఆ యాభై ఏళ్ళూ కనబడాలి కదా! మిమ్మల్ని నిలబెడితే నిన్నగాక మొన్న పెట్టిన కంపెనీ అనుకుంటారు.”

స్టోర్సు ఆఫీసరు గారి బుగ్గలు చొక్కా కాలరుని తాకుతుంటాయి. సంతాపం సారుకి ఏడుపు ముంచుకొచ్చింది. ముఖం ఇంకా వికసించింది.

“అబ్బ! ఎంత స్పోర్టివ్‌గా తీసుకున్నారండీ!” అని మెచ్చుకుని డైరెక్టరు అటూ ఇటూ చూశాడు. తన మెడ సవరించుకున్నాడు. “అన్నట్టు... వట్టి మెడకి కూడా చేస్తుందా, ప్రకృతి?”

హాలు ఖాళీ అయ్యాక, మళ్ళీ తన మూలకే వచ్చి కూర్చున్న ఆయన దగ్గరికి పెద్ద గుమాస్తా గారి భార్య వచ్చింది. ఆవిడ్ని చూసి సంతాపం సారు లేచి నిలబడి చేతులు జోడించారు.

“వదినా, నేను నవ్వలేదు. మా అన్నయ్య మీద ఒట్టు, నేను నవ్వలేదు!”

“నాకు తెలీదా మరిదీ? మొహం నవ్వితే ఏం, ముక్కు కారుతూనే ఉందిగా!” అని ఆవిడ తన చేతిలోని రుమాలు ఇచ్చింది. “ఇన్నాళ్ళూ ఎవరెవరికో ఏడిచావు. అవన్నీ దొంగ ఏడుపులని మీ అన్నయ్య ఇంటికొచ్చి చెప్పి నవ్వేవారు. ఆయనకి మాత్రం నిజంగా ఏడిచావు. నాకంతే చాలు.”

సంతాపం సారు ఆవిడ చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. ఆవిడ కూడా ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, ఆయన ముఖాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. చుట్టూ ఎవరూ లేరని రూఢి చేసుకుంది.

“అది సరే గానీ మరిదీ... నొప్పి బాగా ఉంటుందా?”

ఆవిడతో నిమ్మరసం అనబుద్ధి కాలేదు ఆయనకి.

“నొప్పి కాదు వదినా, బిగువు. మనసులో ఏముందో మొహం చెప్పదు. ఏడవాల్సినవి ఏమైనా ఉంటే ఆపరేషనుకి ముందే ఏడ్చేసుకోవాలి.”

“అయితే ఫరవాలేదు,” అంది వదిన. “నావి అయిపోయాయి.”